వైద్యము హక్కైనచో వెల ఎవరు చెల్లించవలెను?

జబ్బుపడినవానికి వైద్యము చేయుట దయయా, హక్కా అను ప్రశ్నకు మన దేశములో కొంత జవాబు దొరికినది. ప్రజారోగ్యమును మెరుగుపరచుట ప్రభుత్వపు ముఖ్య విధులలో ఒకటని రాజ్యాంగము 47వ అధికరణము చెప్పుచున్నది. పశ్చిమ బెంగాలులో తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని ప్రభుత్వాసుపత్రులు మంచములు లేవని త్రిప్పి పంపగా, అది జీవించు హక్కుకే భంగమని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

అయినను, ఖర్చు భరించువారెవరో తేలని హక్కు కాగితముమీదనే ఉండును. కోవిల్పట్టి నూలు మిల్లు కార్మికుని చూడుడు. నెలకు 21,000 రూపాయలలోపు జీతము గలవానికి ఇ.ఎస్.ఐ. ఉన్నది. 1948 నాటి చట్టముతో వచ్చిన ఈ ఏర్పాటులో, 2019 జూలైనుండి జీతముపై నూటికి యజమాని 3.25, కార్మికుడు 0.75 చొప్పున కట్టుచున్నారు. వైద్యముతోపాటు, జబ్బుపడిన దినములకు ఏడాదికి 91 రోజులవరకు కూలిలో నూటికి 70 వంతులు వచ్చును. అటువంటి నూలునే సాత్తూరు ప్రక్కన తన ఇంట మగ్గముమీద నేయువానికి ఈ వసతి లేదు. అతనికి కూలి ఇచ్చువాడున్నాడు గాని, చట్టము దృష్టిలో యజమాని లేడు.

మనకేమియు జరుగలేదనుట న్యాయము కాదు. 2005లో కేంద్ర ప్రభుత్వము చేనేతవారికి ఆరోగ్య బీమా పెట్టినది. కుటుంబమునకు ఏడాదికి 15,000 రూపాయలు. అందులో 7,500 వరకు ఆసుపత్రిలో చేరకనే పొందు వైద్యమునకు చెల్లెడిది. ఆ పథకము నేడు లేదు. ఇప్పుడున్న తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర బీమాలో కుటుంబమునకు ఏడాదికి 5 లక్షలవరకు వైద్యము కలదు. ప్రీమియము ప్రభుత్వమే కట్టును. ఇది గొప్ప మేలే. కాని ఇది ముఖ్యముగా ఆసుపత్రిలో చేరువారికి. మోకాలి నొప్పి, నడుము నొప్పి, కంటి మసక, నూలు దుమ్ము దగ్గు మనిషిని మంచమెక్కించకముందే కూలిని తినివేయును.

కావున మా అభిప్రాయమిది. వైద్యపు ఖర్చు పన్నుల డబ్బునుండి ప్రభుత్వము భరించవలెను. 1994లో ఏర్పడిన తమిళనాడు వైద్య సేవల సంస్థ మందులను టోకున కొని ప్రభుత్వాసుపత్రులకు అందించుచున్నది, ఇట్టిది సాధ్యమే. ఇక పోయిన కూలి మాట. అందుకు షావుకారు, సొసైటీ, నేతగాడు తలా కొంత వేసి నిధి కూర్చవలెను. మా జబ్బుకు ఇతరులేల చెల్లించవలెనని అడుగువారుందురు. సబ్బుబిళ్ళ కొన్నప్పుడెల్ల మనమును పన్ను కట్టుచునే యున్నాము. ఇది బిచ్చము కాదు.

అంతవరకు ఉన్నదానిని వదలుకొనరాదు. బీమా కార్డు లేని కుటుంబములు రేషను కార్డు, ఆధారు, ఆదాయపు పత్రములతో విరుదునగరు కలెక్టరాఫీసుకు వెళ్ళి పేరు వ్రాయించుకొనవలెను. జబ్బు వచ్చినపిదప పత్రములకై తిరుగుట కష్టము; ముందుగానే చేయుడని కోరుచున్నాము.