దానము, ఋణము, ద్రవ్యము

వెల చెల్లించి వస్తువు కొన్నవానికిని, అమ్మినవానికిని గల సంబంధము ఆ క్షణముననే తీరిపోవును. ద్రవ్యముయొక్క సౌలభ్యము ఇందే ఉన్నది. లోపమును ఇందే ఉన్నది. ఇచ్చిపుచ్చుకొనుట ఆధారముగా గల సమాజములలో ఈవి సంబంధమును ముగింపదు, ఆరంభించును.

న్యూగినీకి తూర్పుననున్న ట్రోబ్రియాండ్ దీవుల 'కులా' ఆచారమును మాలినోవ్‌స్కీ 1922లో ప్రకటించిన గ్రంథమున వర్ణించెను. ఎఱ్ఱని గవ్వల హారములు దీవినుండి దీవికి ప్రదక్షిణముగాను, తెల్లని గవ్వ కంకణములు అప్రదక్షిణముగాను తిరుగుచుండును. ఎవరును వానిని చిరకాలము దాచుకొనరాదు. నిత్యావసర వస్తువుల మార్పిడిలో బేరము చెల్లును గాని, కులాలో బేరమాడుట అమర్యాద. ఇట్టి ఆచారములను పరిశీలించి ఫ్రెంచి పండితుడు మార్సెల్ మౌస్ 1925లో ఒక సిద్ధాంతము చేసెను: ఈవియందు మూడు విధులు కలవు, ఇచ్చుట, పుచ్చుకొనుట, తిరిగి యిచ్చుట. మహాభారతమందలి అనుశాసనపర్వమును సైతము ఆయన తన చర్చలోనికి తెచ్చెను.

మన గ్రామములందలి ఆయగాండ్ర వ్యవస్థ ఈ విధులకు దూరమైనది కాదు. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలగువారు ఏడాది పొడుగునను రైతులకు పనిచేయుచుండెడివారు. కల్లమున ధాన్యము నూర్చినపుడు రైతు వారి మేరను కొలిచి యిచ్చెడివాడు. నాగలి కఱ్ఱు మొక్కవోయిననాడు కమ్మరి వెల యడుగడు. పంట పోయిన యేట మేరయు తగ్గును. లాభనష్టములు రెండును ఊరివే.

అయినను దీనిని స్వర్ణయుగముగా తలంపరాదు. ఎవని పని ఏదో పుట్టుకయే నిర్ణయించెను. మేర చాలకున్నను అడుగు ధైర్యము తక్కువవారికే ఉండెను. తెలంగాణమున దొరలకు ప్రజలు చేసిన వెట్టిలో తిరిగి యిచ్చు విధి పూర్తిగా మాయమై, పుచ్చుకొనుట మాత్రమే మిగిలెను. వెట్టివానికి కూలిగా చేతబడిన నాణెము బంధము కాదు, విముక్తి.

ఆ తెలంగాణముననే, 1951 ఏప్రిల్ 18న, పోచంపల్లి హరిజనులు వినోబా భావేను 80 ఎకరముల భూమి కోరగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు ఇచ్చుటకు ముందుకు వచ్చెను. భూదానోద్యమము అట్లు జనించెను. దానమనగా భిక్ష కాదు, ఉన్నదానిని పంచుకొనుట అని వినోబా బోధించెను. 1957 నాటికి 5 కోట్ల ఎకరములు సేకరింపవలెనని సంకల్పము; లభించినది అందులో పదియవ వంతునకు లోపే. అందును కొంత రాతినేల, కొంత వ్యాజ్యములలో చిక్కినది. అయినను ఆ భూమిలో సాగుకు వచ్చినంత మేరకు, కూలివాడు రైతు కాగలిగెను.

కావున ద్రవ్యము మంచిదా, ఈవి మంచిదా అను ప్రశ్న చాలదు. పుచ్చుకొన్నవాడు వలదని చెప్పగలడా? ఒకనాడు తానును ఇచ్చువాడు కాగలడా? ఈ రెండును సాధ్యమైనచోట ఈవి స్నేహము; కానిచోట అది తీరని ఋణము.