గాయము మానుటలో వెలుగు చేయు పని

మల్కాజిగిరి ప్రాంతమున ఉప్పల్‌కు పోవు దారిలో, హబ్సిగూడ చెంత, సి.సి.ఎం.బి. అను కణ, అణు జీవశాస్త్ర కేంద్రము కలదు. 1977లో ఏర్పడిన ఆ సంస్థ పేరు వినగానే శ్రోతలకు జన్యువు అను మాట జ్ఞప్తికి వచ్చును. జన్యువనగా తాతముత్తాతల నుండి దిగివచ్చిన ముక్కు తీరు, మేని చాయ మాత్రమే యని పలువురు తలంతురు. కాని వేలు తెగిన క్షణము నుండి మన చర్మములో జన్యువులకు చేతినిండ పని. ఆ పనిని వెలుగు కొంత మార్చగలదని చెప్పుటయే మా ఉద్దేశము.

శరీరములోని కణములన్నిటను ఉన్న జన్యువులు దాదాపు ఒకటే. ఏవి పనిచేయుచున్నవి, ఏవి ఊరకున్నవి అనుటలోనే భేదము. పెద్ద ఇంటిలో పాత్రలన్నియు అటక మీద నుండును. పెండ్లినాడు గుండిగలు దిగును, మామూలు దినమున చిన్న గిన్నెలు చాలును. చర్మము తెగినపుడు మొదట వాపును కలిగించు జన్యువులు మేల్కొనును. తెల్ల కణములు వచ్చి క్రిములను తుడిచివేయును. పిమ్మట అవి తగ్గి, తంతుకణములలో కొల్లాజన్ జన్యువులు, క్రొత్త రక్తనాళములను పెంచు జన్యువులు పనికి పూనుకొనును. మధుమేహ రోగులలో తరచుగా ఈ మొదటి దశయే ముగియదు. పుండు నెలల తరబడి నిలుచుట అందువలననే.

వెలుగుతో వైద్యము క్రొత్తది కాదు. చర్మక్షయకు కాంతి చికిత్స చేసిన డెన్మార్కు వైద్యుడు ఫిన్‌సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి లభించినది. 1967 ప్రాంతమున బుడాపెస్టులో మెస్టర్ అను వైద్యుడు, లేసర్ వలన పుట్టకురుపు వచ్చునేమో చూడవలెనని, రోమములు గొరిగిన ఎలుకలపై దానిని ప్రసరింపజేసెను. కురుపు రాలేదు సరికదా, రోమములు త్వరగా మొలిచినవి! అటుపిమ్మట ఆయన మానని పుండ్లపై దృష్టి నిలిపెను.

ఎఱ్ఱని కాంతియు, దానికి ఆవలనుండి కంటికి కానరాని పరారుణ కాంతియు చర్మములోనికి కొంత లోతు చొరగలవు. కణములోని మైటోకాండ్రియాలలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అను పదార్థము ఆ కాంతిని గ్రహించునని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అప్పుడు కణమునకు శక్తినిచ్చు ఎ.టి.పి. ఎక్కువగా తయారగును. (ఈ ఎ.టి.పి.ని 1929లో కండరములనుండి వేరుచేసిన వారిలో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు; ఆ మాట చెప్పక ముందుకు సాగుటకు మాకు మనసొప్పలేదు.) దానితోపాటు చురుకైన ఆక్సిజన్ అణువులు స్వల్పముగా పుట్టి, ఎన్.ఎఫ్. కప్పా బి వంటి దూతలను మేల్కొలుపును. అవి కేంద్రకమును చేరి కొన్ని జన్యువులను పనిలో పెట్టును. ప్రయోగశాలలో పెంచిన కణములలోను, జంతువుల గాయములలోను కొల్లాజన్ జన్యువులు, కణవృద్ధిని ప్రేరేపించు జన్యువులు హెచ్చుగా పనిచేయుట పలుమార్లు కనబడినది. మోతాదు మాత్రము ముఖ్యము: తక్కువైన ఫలము లేదు, మితిమీరిన మానుట మందగించును.

ఇంత విన్న పిదప బజారులో అమ్ము ఎఱ్ఱ దీపమును కొనవలెనని తోచవచ్చును. తొందరపడవలదు. మధుమేహపు పాదవ్రణములపై జరిగిన పరీక్షలు చాలవరకు చిన్నవి. వాడిన కాంతియు, కాలమును ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరు. పుండును ఎండలో పెట్టుట దీనికి ఈడు కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణములు జన్యుపదార్థమునే చెరచును. కాలి పుండునకు నేటికిని మొదటి చికిత్స రక్తములో చక్కెరను అదుపులో నుంచుట, పుండును శుభ్రపరచుట, పాదముపై బరువు పడనీయకుండుట. ఈ మూడును మాని దీపమును నమ్ముకొనిన, కాలే పోవు ప్రమాదము కలదు. పుట్టకురుపని అనుమానమున్న మచ్చపై ఈ కాంతిని పడనీయరాదు.

వెలుగు ఎక్కువ నమ్మకము సంపాదించుకొన్న తావు వేరొకటి. తల, మెడ భాగములలోని పుట్టకురుపునకు కిరణ చికిత్స పొందువారి నోటిపూతను నివారించుటకు దీనిని అంతర్జాతీయ వైద్య మార్గదర్శకములు సిఫారసు చేసియున్నవి.