పాత కారుకు విలువ కట్టుట

చౌమహల్లా ప్రాసాదమునకు పోయి అచ్చట ప్రదర్శింపబడుచున్న పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ముచ్చటపడి చేయింపగా 1911లో ఆయన దివంగతుడైన పిమ్మట గాని హైదరాబాదు చేరని ఆ వాహనమును, చూచినవాడెవడును ఏండ్లు గడచిన కొలది దాని ధర తగ్గిపోయినదని తలంపడు. అయినను మన మోటారు బీమా యంతయు ఆ తలంపు మీదనే నిలిచియున్నది. కారు షోరూము గడప దాటిన నాటినుండి దాని విలువ క్షీణించుచునే యుండును గాని ఎన్నడును పెరుగదను సిద్ధాంతమును ఆధారముగా జేసికొనియే పాలసీలు, ప్రీమియములు, క్లెయిముల లెక్కలు ఏర్పడినవి. కొత్త కార్లకు ఈ సిద్ధాంతము చక్కగా వర్తించును. తాతగారినాటి అంబాసిడరునో, ప్రీమియర్ పద్మినినో, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డునో బాగుచేయించి ప్రాణప్రదముగా కాపాడుకొనువారికి మాత్రము ఇదియే మొదటి చిక్కు.

బీమావారు కారుకు కట్టు విలువను ఐ.డి.వి. అందురు. కారు దొంగల పాలైనను, బాగుచేయుటకు వీలులేనంతగా ధ్వంసమైనను యజమానికి దక్కు గరిష్ఠపు మొత్తమిదియే. కొత్త కారు ధరనుండి, ఆరు మాసములు దాటి ఏడాదిలోపు 15 శాతము, రెండవయేట 20, మూడవయేట 30, నాలుగవయేట 40, అయిదవయేట 50 శాతము చొప్పున తగ్గించుచు పోవు పట్టిక యొకటి కలదు. ఆ పట్టిక అయిదేండ్లతో ఆగిపోవును. అటుపైబడిన వాహనములకును, తయారీ నిలిచిపోయిన మోడళ్లకును విలువను కంపెనీయు యజమానియు పరస్పరము మాటాడుకొని నిర్ణయించుకొనవలెనని నిబంధన. ఈ మాటాడుకొనుట యనునది చాలమంది విషయమున జరుగనే జరుగదు. ఏజెంటు నిరుటి కాగితము చూచి, అందలి అంకెను మరికొంత కోసి, కంప్యూటరులో ఎక్కించును. యజమాని ప్రీమియము తక్కువ వచ్చినదని సంతసించి డబ్బు కట్టును.

ఆ సంతోషము ఎంత ఖరీదైనదో ప్రమాదము జరిగిననాడు గాని తెలియదు. మరమ్మతుల ఖర్చు ఐ.డి.వి.లో 75 శాతమును మించినచో ఆ కారు సంపూర్ణముగా నష్టమైనట్లే పరిగణింపబడును. ఒక అంబాసిడరునకు 60,000 రూపాయల విలువ వ్రాయించితిరనుకొనుడు; అప్పుడు 45,000 దాటిన ప్రతి బిల్లును దానికి మరణశాసనమే యగును. రంగు, టింకరింగ్, క్రోమియం పూత కలిసినచో ఈ కాలమున ఆ మొత్తమునకు చేరుట యెంతసేపు? షెడ్డులో నెలరోజులు పని చేయించిన లక్షణముగా లేచి నడువగల బండికి, తక్కువ విలువ వ్రాయించుకొన్న పాపమునకు, తుక్కు లెక్క వచ్చును.

అయితే ఇదే నిబంధనలో యజమానికి అనుకూలమైన వాక్యమొకటి కలదు, దానిని చదివినవారు అరుదు. ఒకసారి పాలసీలో వ్రాయబడిన ఐ.డి.వి.ని, సంపూర్ణ నష్టము విషయమున, ఆ పాలసీ కాలమంతయు బజారు ధరగానే పరిగణింపవలెను, అందుండి మరల తరుగు తీయరాదు. అనగా పాత కారు యజమాని వాదింపవలసిన వాదమంతయు ప్రమాదమునకు ముందే, పాలసీ పుచ్చుకొను దినముననే వాదింపవలెను. అందులకు సాధనములు మాటలు గావు, కాగితములు. నాలుగు వైపులనుండియు, ఇంజను గదినుండియు, లోపలి సీట్లనుండియు తీసిన తేదీగల ఛాయాచిత్రములు. బాగుచేయించిన షెడ్డువారి బిల్లులు. అదే మోడలు కార్లు ఇటీవల అమ్ముడుపోయిన ధరల దాఖలా. సాధ్యమైనచో లైసెన్సుగల సర్వేయరు వ్రాసియిచ్చిన మదింపు పత్రము. వీనిని జతపరచి, నేను కోరుచున్న విలువ ఇంత యని లిఖితపూర్వకముగా అడిగినచో ఒక కంపెనీ కాదన్నను మరియొకటి వినవచ్చును. అట్లని లేని విలువను వ్రాయించుటవలన ప్రయోజనము లేదు. ప్రీమియము ఏటేట పెరుగును, క్లెయిమునాడు అనుమానము పుట్టును.

నిజమైన ప్రాచీన వాహనములకు ఇంతకంటె దృఢమైన ఏర్పాటు కలదు. మోటారు బీమా ధరలకును షరతులకును నియమావళియైన 2002 నాటి భారత మోటారు టారిఫ్, 1940 డిసెంబరు 31కి పూర్వము తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువీకరించిన కార్లకు మాత్రము ముందే అంగీకరించిన విలువను తరుగు లేకుండ చెల్లించు పాలసీని అనుమతించి, సొంత నష్టపు ప్రీమియములో, అనగా కారుకే కలుగు నష్టమునకై కట్టుదానిలో, 25 శాతము తగ్గింపు నిచ్చినది. 2007 నుండి సొంత నష్టపు ధరలు కంపెనీల ఇష్టమునకు విడువబడినను పాలసీల భాష చాలవరకు ఆ టారిఫ్‌దే. అమెరికాలో పాత మస్టాంగు కొనదలచు తెలుగువారు వేరొక జాగ్రత్త వహింపవలెను: అచ్చట ఉభయులు అంగీకరించిన విలువ నిచ్చు పాలసీ యొకటి, యజమాని చెప్పిన విలువను వ్రాసికొని క్లెయిమునాడు దానికిని బజారు ధరకును ఏది తక్కువయో అదియే యిచ్చు పాలసీ మరియొకటి, పేర్లు వినుటకు ఒక్కతీరుగనే యుండును.

సంపూర్ణ నష్టము అరుదు. నిత్యము జరుగునది సొట్ట. సందులో వెనుకకు వచ్చిన ఆటో ముందరి మడ్‌గార్డును నొక్కివేసినది, బీడింగు చినిగినది. ఇచ్చట ఐ.డి.వి. ఎంత యున్నను అక్కరకు రాదు, తరుగు లెక్కలే రాజ్యమేలును. పదేండ్లు దాటిన కారులో లోహపు భాగములకు సగము ధరయే యిత్తురు. రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీలకు ఏ వయస్సుననైనను సగమే. గాజునకు మాత్రము తరుగు లేదు. రంగు విషయమున, రంగు బిల్లు మొత్తములో నాలుగవ వంతు సరుకని యెంచి, ఆ నాలుగవ వంతులో సగము కోయుదురు. కూలికి కోత లేదు.

అంకెలతో చూచిన తేటపడును. మడ్‌గార్డు 12,000, రబ్బరు బీడింగు 2,000, రంగు 16,000, టింకరింగ్ కూలి 10,000, వెరసి 40,000 రూపాయల బిల్లు వచ్చినదనుకొందము. మడ్‌గార్డునకు 6,000, బీడింగునకు 1,000, రంగునకు 14,000, కూలికి 10,000 వెరసి 31,000 నిలుచును, 1500 సి.సి. లోపు కారు కావున యజమాని విధిగా భరింపవలసిన 1,000 రూపాయలు పోగా 30,000 చేతికి వచ్చును. ఇప్పుడు అదే మడ్‌గార్డు బజారున దొరకక, టింకరు రేకు తెచ్చి, కత్తిరించి, సుత్తితో సాగగొట్టి చేతితో తయారు చేసెననుకొనుడు. పాత కార్ల విషయమున తరచుగా జరుగునది ఇదియే. జరిగిన పని జరిగినట్లుగా, రేకు వెల వేరుగను, చేతిపని కూలి వేరుగను బిల్లులో కనబడినచో కోత రేకు వెలకే పరిమితమగును. 'మడ్‌గార్డు ఒకటి' అని ముద్దగా వ్రాసినచో మొత్తము మీద సగము పోవును. షెడ్డువారికి ఈ సంగతి ముందే చెప్పి బిల్లు వ్రాయించుట యుక్తము. 'బంపర్ టు బంపర్' అని వ్యవహరింపబడు తరుగులేని పాలసీలు సాధారణముగా కొత్తబండ్లకే గాని ముసలిబండ్లకు దొరకవు.

ఇతరులకు కలుగు నష్టమునకై చేయు థర్డ్ పార్టీ బీమాను గూర్చి చెప్పవలసినది స్వల్పము. అది చట్టము విధించినది, దాని ధర ప్రభుత్వము నిర్ణయించినది. 2022 జూన్ 1 నుండి అమలైన రేట్ల ప్రకారము 1000 మొదలు 1500 సి.సి. వరకు 3,416 రూపాయలు, ఆపైన 7,897. పద్మిని ఇంజను 1089 సి.సి., పాత అంబాసిడరు ఇంజను 1489 సి.సి. కావున రెండును చవుక శ్రేణిలోనే పడును; ఇసుజు ఇంజనుగల తరువాతి అంబాసిడరు పైశ్రేణికి ఎగబ్రాకినది. పాత ఇంజను తీసి కొత్తది పెట్టించినవారు ఆ మార్పును ఆర్.సి.లోను పాలసీలోను ఎక్కించియుండనిచో క్లెయిమునాడు సర్వేయరు మొదట చూచునది ఇంజను నంబరునే యని యెరుగవలెను.

వింటేజ్ వాహనముగా రిజిస్టరైన కారుకు ఈ థర్డ్ పార్టీ ప్రీమియములో సగము తగ్గును. 2021 నాటి కేంద్ర నిబంధనల ననుసరించి 50 ఏండ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు లేని వాహనములు 20,000 రూపాయల రుసుముతో పదేండ్లకు రిజిస్ట్రేషను పొందవచ్చును, నంబరులో 'వి.ఏ.' అను అక్షరములు చేరును. కాని ఆ గౌరవమునకు వెల యున్నది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, పెట్రోలు పోయించుటకు, మరమ్మతునకు తప్ప ఆ బండిని నిత్యము రోడ్డున నడుపరాదు. ఆదివారమునాడు పిల్లలను ఎక్కించుకొని యాదగిరిగుట్టకు పోవలెనను కోరికగలవారు కొద్దిపాటి ప్రీమియము కొరకు ఈ ముద్ర వేయించుకొనుట అవివేకమని నా అభిప్రాయము. అయిదేండ్లకొకసారి మామూలు రిజిస్ట్రేషను పొడిగించుకొనుచు స్వేచ్ఛగా తిరుగుటయే మేలు.

వాడుకను గూర్చి దాచుట హైదరాబాదున మరింత ప్రమాదకరము. పాతకాలపు కథల చిత్రీకరణలకును, వరుని ఊరేగింపులకును అద్దెకు పోవు కార్లు ఈ నగరమున తక్కువ గావు. ప్రైవేటు కారు పాలసీ అద్దె వాడుకను స్పష్టముగా మినహాయించును. షూటింగులో తగిలిన దెబ్బకు సొంత వాడుక పాలసీ చూపినచో డబ్బు రాదు. పందెములు, వేగ పరీక్షలు, విశ్వసనీయతా పరీక్షలు సైతము మినహాయింపులే. ర్యాలీలో పాల్గొనువారు ఆ దినములకు ప్రత్యేకముగా అదనపు ప్రీమియము కట్టి ఎండార్స్‌మెంటు పుచ్చుకొనవలెను. పాత కారు చాలకాలము షెడ్డులోనే యుండును గదా యని పాలసీ ముగిసిపోనిచ్చువారికి ఒక మాట: అగ్నిప్రమాదము, దొంగతనము షెడ్డులోను జరుగవచ్చును. వాహనము నడుపక నిలిపియుంచు కాలమునకు ఆ రెండింటిని మాత్రము నిలుపుకొను ఏర్పాటు పాత టారిఫ్‌లోనే కలదు, అడిగి తెలిసికొనవలెను. మధ్యలో పాలసీ తెగినచో బండిని తనిఖీ చేసిన పిమ్మట గాని కొత్తది ఈయరు.

చివరకు ఆర్.సి. పేరు. ఈ కార్లలో అనేకము తాతగారి పేరనో, గతించిన తండ్రిగారి పేరనో ఉండిపోయినవి. కుమారుడు ఏటేట ఆ పేరుననే ప్రీమియము కట్టుచుండును, కంపెనీయు పుచ్చుకొనుచుండును. యజమాని మరణించినచో ఆ పాలసీ మరణించిన నాటినుండి మూడు మాసములు గాని, దాని గడువు తీరువరకు గాని, ఏది ముందైన అంతవరకే నిలుచును. ఆలోపల వారసులు మరణ ధ్రువీకరణపత్రము, ఆర్.సి., అసలు పాలసీ పట్టుకొని పోయి పేరు మార్పించుకొనవలెను. ఆ గడువు ఏనాడో దాటిన ఇండ్లవారు విలువను గూర్చి బేరమాడుటకు ముందు ఆర్.టి.ఓ. కార్యాలయమునకు పోవుట మంచిది.