మలుపు చెప్పిన లెక్క

పలాస నుండి సముద్రతీరమునకు పోవు బాటల కిరువైపుల జీడిమామిడి తోటలు, కొబ్బరి తోటలు, నడుమనడుమ పనసచెట్లు కనుల పండువు చేయుచుండును. ఈ పచ్చని సీమకే ఉద్దానమని పేరు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఈ తోటలను నేలగూల్చినది. ప్రజలు ధైర్యము విడువక మరల మొక్కలు నాటుకొనిరి. నేడీ బాటల మీద మోటారు సైకిలు లేనిదే దినము గడవదు. జీడిపిక్కల బస్తాను కాశీబుగ్గకు చేర్చునది అదియే. మూత్రపిండముల వ్యాధితో బాధపడువారిని డయాలిసిస్ చికిత్సకై పలాసకు కొనిపోవునదియు పెక్కుసారులు అదియే.

కొన్ని యేండ్ల క్రిందట నా పూర్వశిష్యుడొకడు ఇట్టి బాటలోని యొక మలుపునందు పడి కాలు విరుగగొట్టుకొనెను. అతడు మోటారు సైకిలు పందెములను చూచి, పందెగానివలె బండిని ఒరగించి నడుపుట అలవరచుకొన్నవాడు. నేను పరామర్శింపబోగా, "మాస్టారూ, నిన్నటిదాకా అదే జోరుతో ఆ మలుపు తిరిగానండి. ఏమీ కాలేదు. ఈవేళ బండే జారిపోయింది" అనెను. అతడు అబద్ధమాడలేదు. మరి బండి యేల జారెను?

విద్యార్థులారా! ముందుగా బండి యెట్లు మలుపు తిరుగునో తెలిసికొందము. వేగముగా పోవు ద్విచక్రవాహనమును కుడికి త్రిప్పవలెనన్న, నడుపువాడు కుడిచేతి పిడిని ముందునకు కొంచెము నెట్టును. అప్పుడు ముందు చక్రము క్షణకాలము ఎడమకు తిరుగును. బండి కుడికి ఒరగును. ఒరిగిన పిదప కుడికే తిరుగును. మనము సైకిలు మీద ఈ పని తెలియకయే చేయుచుందుము. విమానమును నిర్మించిన రైటు సోదరులకు సైకిళ్ల వ్యాపారము కలదు. వారిలో విల్బరు రైటు ఈ వింతను గమనించి తెలిపెను.

ఒరుగుట ఏల? మలుపులో బండిని వృత్తపు కేంద్రము వైపునకు లాగు బలము కావలెను. ఆ బలమును ఇచ్చునది నేలకును టైరుకును గల పట్టు మాత్రమే. టైరు నేలను తాకు చోటు అరచేయంత. బండి, నడుపువాడు, వెనుక కూర్చున్నవాడు, అందరి క్షేమము ఆ అరచేతి చోటు మీద ఆధారపడి యుండును.

శిష్యునికి కాలు నయమైన పిదప మేమిరువురము ఆ మలుపును కొలిచితిమి. 20 మీటర్ల తాడును మలుపు లోపలి అంచున రెండు చోట్ల తాకునట్లు బిగించితిమి. తాడు నడిమి నుండి బాట అంచునకు దూరము 1 మీటరు. మీరు చదివిన పైథాగరస్ సిద్ధాంతమును ఉపయోగించిన, వృత్తపు వ్యాసార్ధము 50 మీటర్ల చిల్లర యగును.

వేగపు వర్గమును, వ్యాసార్ధమును 9.8తో గుణించగా వచ్చిన దానితో భాగించిన, బరువులో ఎన్నవవంతు పట్టు కావలెనో తెలియును. గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 16.7 మీటర్లు. ఆ వేగమునకు లెక్క 0.56 వచ్చెను; అనగా బరువులో సగమునకు మించిన పట్టు కావలెను; బండి సుమారు 29 డిగ్రీలు ఒరగవలెను. గంటకు 30 కిలోమీటర్లయినచో 0.14 చాలును, ఒరుగుట 8 డిగ్రీలే. వేగము సగమైన, కావలసిన పట్టు నాలుగవ వంతునకు తగ్గినది.

పొడిగా, శుభ్రముగా నున్న తారుబాట మీద మంచి టైరుకు బరువులో ముప్పాతిక వంతు పట్టు దొరకవచ్చును. కావున నిన్న అతడు పడలేదు. బాటపై గాలి తెచ్చిన ఇసుక పరచుకొన్నప్పుడు అందులో సగము కూడ మిగులకపోవచ్చును. కావున నేడు పడెను. నడుపువాడు మారలేదు, వేగము మారలేదు, నేల మారినది. కాగితముపై ఆ అంకెలను చూచి శిష్యుడు చాలసేపు మాటాడలేదు.

పందెగాండ్రు ఈ లెక్కనే కడు శ్రద్ధతో చేయుదురు. వారు మలుపు వెలుపలి అంచున ప్రవేశించి, లోపలి అంచును తాకి, మరల వెలుపలి అంచునకు పోవుదురు. దానివలన వృత్తము పెద్దదై, అంతే పట్టుతో ఎక్కువ వేగము సాధ్యమగును. టైరులోని గాలిని కొలుతురు. నడుపువాని బరువును బట్టి స్ప్రింగులను బిగింతురు. పందెపు బాటను బట్టి చైను చక్రములను మార్తురు. బండికి అమర్చిన యంత్రములు వేగము, బ్రేకు ఒత్తిడి, ఒరుగు కోణము మొదలగువానిని సెకనుకు అనేక పర్యాయములు వ్రాసికొనును. పిమ్మట రెండు చుట్ల రేఖాపటములను ఒకదానిపై నొకటి ఉంచి పోల్తురు. మలుపు దాక వచ్చి ఆలస్యముగా బ్రేకు వేసినవాడు తానే వేగవంతుడనని తలచును. పటము చూడగా, అతడు దారి తప్పి వెలుపలికి జరిగి, తరువాతి తిన్నని బాటలో వెనుకబడినట్లు తేలును. మన తలపు పొరబడవచ్చును గాని కొలత పొరబడనీయదు.

ఇట్టి పందెములకు తగిన తావులు వేరుగా కలవు. చెన్నై సమీపమున షోలవరములోని పాత విమానస్థలమున పూర్వము పందెములు జరిగెడివి. 1990లో ఇరుంగట్టుకోట్టైలో ప్రత్యేకముగా పందెపు బాట ఏర్పడినది. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ బాట మీద మోటోజీపీ పందెము భారతదేశమున తొలిసారి జరుగగా, ఇటలీ దేశస్థుడు మార్కో బెజ్జెక్కి గెలిచెను. అచ్చట ఎదురు వచ్చు బండ్లుండవు. తోలు దుస్తులు, వైద్యులు, మలుపుల వెలుపల కంకర పరుపులు ఉండును. ఐల్ ఆఫ్ మాన్ ద్వీపమున 1907 నుండి ఊరి బాటలనే మూసివేసి పందెములు నడుపుచున్నారు. అన్ని జాగ్రత్తల నడుమను అచ్చట 250 మందికి పైగా పందెగాండ్రు మరణించిరి. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము బహిరంగ మార్గములపై ప్రభుత్వ అనుమతి లేని పందెములను నిషేధించినది. గేర్ల బండి నడుపుటకు 18 ఏండ్లు నిండవలెను.

మొన్న నేనా దారిని పోవుచుండగా నా శిష్యుడు కనబడెను. మేనత్తను డయాలిసిస్‌కు పలాస చేర్చి తిరిగి వచ్చుచున్నాడట. బండిని ఒక ప్రక్కన నిలిపి, కొబ్బరి చీపురుతో మలుపులోని ఇసుకను ఊడ్చుచుండెను. "సాయంత్రము అత్తను తీసుకొని ఇటే రావాలి మాస్టారూ" అని నవ్వెను. నేనును రెండవ చీపురు అందుకొంటిని.