కొండ నడక - నీళ్ళ మాట

దివిసీమలో హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలుస్తుంది. ఆ కృష్ణమ్మే పైన నల్లమల కొండల మధ్య, శ్రీశైలం పక్కనుంచి పారి మన దగ్గరకు వస్తుంది. శివరాత్రికి ఎంతోమంది ఆ కొండల్లో నడిచి శ్రీశైలం వెళతారు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉంటారు. మీరూ వెళ్ళాలనుకుంటున్నారా? అయితే ఆ దారి గురించి ముందే తెలుసుకోండి.

దారి ఎలా ఉంటుంది?

మచిలీపట్నం, గుడివాడ వాళ్ళు విజయవాడ మీదుగా నంద్యాల వెళ్ళాలి. అక్కణ్ణించి ఆత్మకూరు చేరాలి. ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో నడక మొదలవుతుంది. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాస ద్వారం దాటి శ్రీశైలం చేరతారు. సుమారు 40 కిలోమీటర్ల దారి. రెండు మూడు రోజులు పడుతుంది.

ఇది పాత దారి. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి అనే రాజు శ్రీశైలం కొండకు మెట్లు కట్టించాడు. ఈ అడవిలో చెంచులు తరతరాలుగా బతుకుతున్నారు. ఇక్కడ పులులు ఉన్నాయి. 1983 నుంచి ఇది పులులను కాపాడే అడవి. అందుకని ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళనివ్వరు. అటవీ శాఖ వారు పండగ రోజుల్లో దారి తెరుస్తారు. గుంపుగానే నడవాలి. దారి తప్పి పక్కకు పోకూడదు. నిప్పు రాజెయ్యకూడదు. బోర్డులు కనిపిస్తే ఆగి చదవండి. మీకు చదువొచ్చు కదా!

కాళ్ళకు అలవాటు చెయ్యండి

మనది చదును నేల. కాలవ గట్ల మీద ఎంత దూరమైనా నడుస్తాం. కొండ అలా కాదు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. దిగేటప్పుడు మోకాళ్ళ మీద బరువు పడుతుంది. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి, మళ్ళీ ఎక్కాలి. నెల ముందు నుంచి రోజూ నడవండి. మెట్లు ఎక్కి దిగండి. కొత్త చెప్పులతో బయలుదేరకండి. బొబ్బలెక్కుతాయి. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగాలి. మందులు వెంట ఉంచుకోవాలి.

నీళ్ళు తాగడం మానొద్దు

అసలు ముఖ్యమైన మాట ఇది. దారిలో చాటు దొరకదని ఆడవాళ్ళు నీళ్ళు తాగరు. ఎండలో చెమట పోతుంది. నీళ్ళు లేక కళ్ళు తిరుగుతాయి. పిక్కలు పట్టేస్తాయి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంది. అప్పుడు మనిషి పడిపోవచ్చు.

కాబట్టి దాహం వేసేదాకా ఆగకండి. కొంచెం కొంచెం తాగుతూ ఉండండి. నలుగురు ఆడవాళ్ళు కలిసి వెళ్ళి, చుట్టూ చీర అడ్డం పట్టండి. ఇందులో సిగ్గేముంది? నెలసరి గుడ్డలు కూడా సంచిలో పెట్టుకోండి.

నీరసం వస్తే నీడలో కూర్చోబెట్టి ఈ నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించండి: కాచి చల్లార్చిన లీటరు నీళ్ళు, 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా మీద పోగు ఉండకూడదు. మనిషి తెలివి తప్పితే నోట్లో ఏమీ పొయ్యకండి. వెంటనే వైద్య శిబిరానికి కబురు చెయ్యండి.

మీ గుంపులో మాట్లాడుకోండి

1. దూరం వెళ్ళేటప్పుడు మనం నీళ్ళు ఎందుకు తక్కువ తాగుతాం?
2. మన ఊరి జాతరలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉందా? లేకపోతే ఎవరిని అడగాలి?