పోతన ఫాంటుకు ఆ చోటే ఎందుకు?

జనగామ జిల్లా బమ్మెరను కవి పోతన పుట్టిన ఊరంటారు. ఒంటిమిట్ట వాళ్లు ఒప్పుకోరు, ఆ తగవు మనకొద్దు. ఆయన పేరుతో తిరుమల కృష్ణ దేశికాచారి చేసిన పోతన2000 ఫాంటును డెబియన్ లినక్స్‌లో ప్యాకేజీగా ఎక్కిస్తే, కంప్యూటరు మహబూబాబాద్‌లో ఉన్నా భూపాలపల్లిలో ఉన్నా అది చేరేది ఒకే చోటికి: 'యూఎస్ఆర్'లోని 'షేర్'లోని 'ఫాంట్స్' డైరెక్టరీ.

ఈ యూఎస్ఆర్ పుట్టింది అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో. అప్పట్లో అది వాడుకరుల సొంత ఫైళ్లుండే చోటు, ప్రోగ్రాములుండేది 'బిన్'లో. యూనిక్స్‌ను రూపొందించిన డెనిస్ రిచీ, కెన్ థాంప్సన్ 1974లో ప్రచురించిన వ్యాసంలో వాళ్ల పీడీపీ-11 కంప్యూటరు డిస్కుల లెక్క ఉంది. వాటిలో స్థిరమైనది ఒక మెగాబైటు, తీసి మార్చుకునేవి నాలుగు, ఒక్కొక్కటి 2.5 మెగాబైట్లు. ఇప్పటి ఫోన్ ఫొటో ఒకటి అలాంటి ఒక డిస్కులో పట్టడమే కష్టం. అందుకే, గాదె నిండాక బస్తాలు వసారాలో వేసినట్టు, మొదటి డిస్కులో పట్టని ప్రోగ్రాములు యూఎస్ఆర్ డిస్కులోకి పొర్లాయి. అక్కడా ఒక బిన్ వెలిసింది. రెండో డిస్కును తగిలించే 'మౌంట్' కమాండు మాత్రం మొదటి దాంట్లోనే ఉండక తప్పదు. చివరికి వాడుకరులే ఇల్లు ఖాళీ చేసి 'హోమ్'కి వెళ్లారు.

డిస్కులు పెరిగినా విభజన పోలేదు, దానికి కొత్త పని దొరికింది. 1980లలో డిస్కు లేని సన్ వర్క్‌స్టేషన్లు నెట్‌వర్క్ మీద ఒకే యూఎస్ఆర్‌ను పంచుకునేవి. ప్రాసెసర్‌తో నిమిత్తం లేని ఫైళ్లు షేర్‌లోకి చేరాయి. ఫాంటు ఏ ప్రాసెసర్‌కైనా ఒకటే కదా!

లినక్స్ వాళ్లు దీన్ని 1994 ఫిబ్రవరిలో రాతపూర్వకంగా పెట్టారు. తర్వాత ఎఫ్‌హెచ్‌ఎస్ (ఫైల్‌సిస్టమ్ హైరార్కీ స్టాండర్డ్) అయిన ఆ ప్రమాణానిది చక్కటి తర్కం: ఫైలును వేరే యంత్రంతో పంచుకోవచ్చా? అడ్మిన్ ముట్టకుండానే అది మారుతుందా? మారే లాగ్‌లు 'వార్'లోకి, ఆ యంత్రం సెట్టింగులు 'ఈటీసీ'లోకి. అడ్మిన్ తానుగా తెచ్చిన ఫాంటుకు యూఎస్ఆర్‌లోని 'లోకల్' కింద చోటు, ప్యాకేజీ మేనేజర్ దాని జోలికి రాదు. నాకైతే ఈ లోకలే మొత్తంలో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు. సరంజామా అంతా ఒకే డైరెక్టరీలో పెట్టుకునే సాఫ్ట్‌వేర్లకు 'ఆప్ట్' ఉంది, తీసెయ్యడం తేలిక.

2012లో ఫెడోరా 17 రెండు బిన్‌లనూ కలిపేసింది. 2023లో వచ్చిన డెబియన్ 12 కలిసిన అమరికనే తప్పనిసరి చేసింది. పాత బిన్ ఇప్పుడు యూఎస్ఆర్ వైపు చూపే లింకు మాత్రమే. దాన్ని తీసెయ్యలేరు, ఎందుకంటే లెక్కలేనన్ని స్క్రిప్టుల మొదటి వరుస ఇంకా ఆ పేరునే పిలుస్తోంది.