పన్ను పీకించుకున్నాక ఆ గుంతలో ఏం జరుగుతుంది?

ఈరోజు పన్ను పీకించుకోవడం గురించి మాట్లాడుకుందాం. నా సొంత అనుభవమే చెప్తా.

నాది సోమందేపల్లి. రెండేళ్ల కిందట కింది దవడలో జ్ఞానదంతం అడ్డంగా మొలిచి, చిగురు వాచి, నోరు తెరవడమే కష్టమయింది. హిందూపురం ఎంతో దూరం లేదు. అయినా నెల రోజులు పోలేదు. "పన్ను పీకిస్తే కండ్లు పోతాయి నాయనా" అని మా అవ్వ ఒకటే పోరు. లవంగం నములుతా, మాత్రలు మింగుతా రోజులు నెట్టినా.

అవ్వ మాట నిజం కాదు. చూపును మెదడుకు చేర్చేది ఆప్టిక్ నరం. పళ్ల నొప్పిని చేర్చేది ట్రైజెమినల్ నరం. రెండూ వేరు వేరు. నాకు అనిపించేది ఏమంటే, పళ్లు కదిలే వయసూ కంట్లో శుక్లాలొచ్చే వయసూ ఒకటే కాబట్టి, మనవాళ్లు ఆ రెంటికీ ముడిపెట్టేసినారు.

పీకడం గురించి అంత భయం అక్కర్లేదు. 1844లో అమెరికాలో హోరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టరు, నొప్పి తెలియకుండా పీకొచ్చా అని చూడటానికి, నవ్వించే గ్యాస్ పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. ఇప్పుడు మనకు సూది ఉంది. లాగుతున్నట్టు తెలుస్తుంది, నొప్పి తెలియదు.

అసలు కథ ఆ తర్వాతే. పన్ను పోయిన గుంతలో రక్తం గడ్డకట్టి మూతలాగ కూర్చుంటుంది. దాని కింద ఎముక, నరాలు ఉంటాయి. ఆ మూత ఊడితే గాలీ నీళ్లూ నేరుగా వాటికే తగులుతాయి. దీన్నే డ్రై సాకెట్ అంటారు. అందుకే దూది అరగంటకు పైగా గట్టిగా కొరికి పట్టుకోమంటారు. మొదటి రోజు ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు. స్ట్రాతో కూల్‌డ్రింక్ తాగితే ఆ పీల్పుకే గడ్డ లేచిపోవచ్చు.

నేనేం చేసినానో తెలుసా? రెండో రోజే టీ కొట్టు దగ్గర సిగరెట్ ముట్టించినా. మూడో రోజు రాత్రి నొప్పి చెవి దాకా పాకింది, మాత్రకు లొంగలేదు. పొద్దున్నే పోతే డాక్టరు గుంత కడిగి, మందు పెట్టినాడు. కాసేపటికే ప్రాణం లేచొచ్చింది. తప్పు పూర్తిగా నాదే.

తిండి విషయానికొస్తే, ఉడుకుడుకు సంగటి వద్దు. చల్లారిన పెరుగన్నం మేలు. మనం చెనక్కాయల సీమోళ్లం కదా, ఆ పలుకులు గుంతలో ఇరుక్కుంటే పెద్ద తంటా. ఒక రోజు గడిచినాక గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో మెల్లగా తిప్పండి. ఎంగిలి కొంచెం ఎర్రగా కనబడటం, రెండు మూడు రోజులు వాపు ఉండటం మామూలే. ఆ తర్వాత కూడా వాపు పెరుగుతుంటే, జ్వరమొస్తే, రక్తం ఆగకపోతే డాక్టరు దగ్గరికి పోండి. మింగడమో ఊపిరి తీయడమో కష్టమైతే మాత్రం క్షణం ఆగొద్దు, పెద్దాసుపత్రికే.

చిగురు మూసుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, లోపల ఎముక నిండటానికి నెలలు. జ్ఞానదంతం పోతే దాని బదులు ఇంకోటి పెట్టించక్కర్లేదు. నమిలే పన్ను పోతే మాత్రం అట్లా వదిలేయొద్దు. మా అమ్మ వదిలేసింది. పక్క పన్ను ఖాళీలోకి ఒరిగింది, పైది కిందికి దిగింది. ఇప్పుడు ఒక పక్కనే నములుతుంది.

అవ్వకు పై పన్ను ఒకటి కదులుతా ఉంది. ఆమెకు షుగర్ ఉంది, రక్తం పలచబడే మాత్ర కూడా వేసుకుంటుంది. మనంతట మనం ఆ మాత్ర ఆపకూడదు, డాక్టరుకు ముందే చెప్పాలి. చీటీలన్నీ సంచిలో పెట్టినా. శనివారం హిందూపురం పోతున్నాం. కండ్ల సంగతి దారి పొడుగునా అడుగుతుంది, ఖాయం.